కల్లంలో కారు నీడ

పాలకేంద్రం దగ్గర ఆఖరి క్యాను వ్యానెక్కే వేళకి కొమ్మాలపాలెం ఊరి మొదట్లో మిరపకోతకి వెళ్ళే ఆడవాళ్ళు గుంపుగా చేరేవాళ్ళు. చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు, నెత్తిన తువ్వాళ్ళు, చేతుల్లో అన్నం క్యారేజీలు. రాత్రి టీవీ సీరియల్లో అత్తగారిని తలా ఒక తిట్టు తిట్టి, ఆ తర్వాత సొంత అత్తగార్ల దగ్గరికొచ్చేవాళ్ళు. ఇంతలో మలుపు దగ్గర బాలకోటి కారు నీడ కనిపించేది. అందరిలోకీ పొట్టి అయిన వెంకటేశ్వరమ్మ చెయ్యెత్తేది. నీడ ఆగేది. ఆడవాళ్ళంతా అందులోకి సర్దుకుని చేల వైపు నడక మొదలుపెట్టేవాళ్ళు.

కారు వచ్చేది కాదు. నీడ ఒక్కటే వచ్చేది. కారు కార్తీకమాసంలోనే పోయింది.

అంబాసిడర్ కారు కదా, నీడ కూడా బొద్దుగా, ముద్దుగా ఉండేది. టాపు గుండ్రం, మడ్‌గార్డుల వంపు, పక్క అద్దం చెవి, అన్నీ తారురోడ్డు మీద దిద్దినట్టు పడేవి. అందులో అడుగుపెడితే కాళ్ళకింద బావిగట్టు మీద నిలబడ్డంత చల్లగా ఉండేది. ఆ చల్లదనం పొడుగువాళ్ళకి భుజాల దాకా, పొట్టివాళ్ళకి నడినెత్తి దాకా అందేది.

"దేవుడు నన్ను ఈ నీడ కోసమే పొట్టిగా పుట్టించాడే," అనేది వెంకటేశ్వరమ్మ. "ఇన్నాళ్ళూ మా ఆయనకి అర్థం కాలేదు."

ఒకసారి మాఘమాసంలో ఎండ కాస్తుండగానే నాలుగు చినుకులు పడ్డాయి. నీడలో నడిచినవాళ్ళ తలలు తడవలేదు. బతికున్న రోజుల్లో కూడా ఆ కారు టాపు లోపలికి ఒక్క చుక్క రానిచ్చేది కాదు మరి. ఆదివారాలు నీడ కోతలకి రాకుండా వాడరేవు వెళ్ళేది. చీరాల, మార్టూరు వాళ్ళు సముద్రం చూడ్డానికి ఆ కారునే మాట్లాడుకునేవాళ్ళు కదా, ఆ అలవాటు. సోమవారం పొద్దున దాంట్లో నడిస్తే కొంచెం ఎండుచేపల వాసన వేసేది. ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. అన్నేళ్ళు ఒకే దారిన తిరిగిన బండి, ఉన్నట్టుండి మానేయమంటే మానుతుందా అన్నారు, అంతే.

కారు పోయిన సంగతి ఇట్లా జరిగింది. చీరాలలో ఒక డాక్టరు గారు వాడి వదిలేసిన కారుని బాలకోటి కొని, పసుపుపచ్చ నంబరుప్లేటు వేయించి టాక్సీగా తిప్పేవాడు. ఆ రోజు మార్టూరు సెంటర్లో కారాపి, ఎదురుగా పూలకొట్టు దగ్గరికి వెళ్ళాడు. కనకాంబరాలు కొందామని. పూలమ్మి మూర కొలుస్తుండగానే వెనకాల ఉరిమినట్టయింది. గ్రానైటు రాళ్ళు మోసుకెళ్ళే లారీ మలుపు తిరుగుతుంటే గొలుసు తెగింది. గదంత నల్లరాయి ఒకటి జారి, అన్నం తిన్నాక మంచమెక్కినంత నిమ్మళంగా వచ్చి కారు మీద పడుకుంది. కారు అప్పడమైపోయింది.

"పూల కోసం దిగబట్టి బతికావు నాయనా," అని పూలమ్మి ఆ మూరకి డబ్బులు తీసుకోలేదు.

ఆ పూలు ఎవరికోసం కొన్నాడో బాలకోటి ఎవరికీ చెప్పలేదు. చెప్పేవాడు కూడా కాదు. నీడే చెప్పేసింది.

అదెట్లాగంటే, నీడ ఎవరైనా చెయ్యెత్తితేనే ఆగేది, టాక్సీ బుద్ధి. కానీ ఊళ్ళోకి రాగానే బసవమ్మ ఇంటి గుమ్మం ముందు మాత్రం ఎవరూ చెయ్యెత్తకపోయినా ఆగేది. ఒక నిమిషం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కదిలేది. బసవమ్మది రెండెకరాల కౌలు మిరపచేను. ఆవిడ గొంతు ఈ చేలో మాట్లాడితే పక్క చేలో కొంగలు లేచేవి. ఆవిడ కూతురు జ్యోతిర్మయి పదో తరగతి పాసయి ఇంట్లోనే ఉంది. నవ్వితే పత్తికాయ పగిలినట్టుంటుందని బాలకోటి మనసులో అనుకునేవాడు. బయటికి అనలేదు. మూడు కాలాలు ఆ గుమ్మం ముందు కారు నెమ్మది చేయడం తప్ప ఏమీ చేయలేదు.

నీడ ఆగడం మొదలుపెట్టిన వారం లోపే బసవమ్మ వీధిలోనే పట్టుకుంది.

"ఏరా బాలకోటీ! నీ కారు నీడ మా గుమ్మం ముందు ఆగుద్దేం? మా ఇంట్లో ఎవరూ చెయ్యెత్తలేదే!"

"ఏమో అత్తా. దానికి పాత అలవాటేమో."

"పాత అలవాటా! ఎన్నాళ్ళ పాతదిరా?"

కోతల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. గుమ్మం వెనకాల జ్యోతిర్మయి ఉందో లేదో బాలకోటి చూడలేకపోయాడు. చెవులు పండుమిరపకాయలయ్యాయి. కానీ బసవమ్మకి నిజంగా కోపం రాలేదు. అందరూ వెళ్ళాక గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే మామూలువాళ్ళు మాట్లాడినట్టుంటుంది.

"చూడబ్బాయ్. నువ్వు మంచోడివే. కానీ లేని బండికి అప్పులు మోసుకుంటా తిరిగేవాడికి పిల్లని ఎట్లా ఇచ్చేది? ముందు ఆ కాయితాల గొడవ తెంచుకో. రోడ్డు మీద ఒక బండి నిలబెట్టు. పిడుగురాళ్ళ సున్నంబట్టీల వాళ్ళు ఉగాది వెళ్ళగానే పిల్లని చూసిపోతామన్నారు. ఆలోపు ఏదోటి తేల్చుకో."

అత్త అన్నదాంట్లో తప్పేమీ లేదు. లేని బండికి అప్పన్నది నిజమే. కారు నలిగిపోయాక ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఒక సర్వేయరు వచ్చి, నల్లరాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టోటల్ లాసు అని రాసుకుని వెళ్ళాడు. డబ్బు వస్తుందన్నాడు. సీ బుక్కు రద్దు చేయించి తెమ్మన్నాడు. బండి రిజిస్ట్రేషను పుస్తకాన్నే మావైపు సీ బుక్కంటారు. అది పట్టుకుని రవాణా ఆఫీసుకి వెళితే, కారు పోయిన తర్వాత కూడా మూడు నెలలకొకసారి కట్టాల్సిన రోడ్డు టాక్సు పెరుగుతానే ఉందని చెప్పారు. అది కట్టందే రద్దు కాదన్నారు. అప్పో సప్పో చేసి కడతానంటే, ఇన్సూరెన్సు గడువు దాటిపోయింది, గడువున్న ఇన్సూరెన్సు చూపించందే టాక్సు కట్టించుకోమన్నారు. మళ్ళీ ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్ళి ఇన్సూరెన్సు చేయమంటే, బండి చూడందే చేయమన్నారు.

"బండి నలిగిపోయిందని మీరే రాశారు కదండీ?"

"అందుకేగా చూపించమంటున్నాం," అన్నాడు అక్కడి గుమాస్తా.

ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగాడు బాలకోటి. లారీవాళ్ళ మీద కేసు కోర్టులో ఉంది, అది మనవలనాటికి తేలుతుంది. ఇక ఒకటే దారి. బండి రోడ్డు మీద తిరగడం లేదని బ్రేకు ఇనస్పెక్టరు చూసి రాసిస్తే చాలు, కారు పోయిన రోజు నుంచి టాక్సూ ఉండదు, ఇన్సూరెన్సూ అడగరు, సీ బుక్కు రద్దవుతుంది, కంపెనీ డబ్బిస్తుంది.

బ్రేకు ఇనస్పెక్టరు అనంతపద్మనాభం గారు ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగని మనిషి. శివరాత్రి ముందు ఒకరోజు కొమ్మాలపాలెం వచ్చారు. రోడ్డు మధ్యలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. అప్పుడే నీడ వచ్చింది. ఆయన అలవాటుకొద్దీ గబుక్కున పక్కకి తప్పుకున్నారు. నీడ ఆయన బూట్ల ముందు నుంచి మర్యాదగా వెళ్ళిపోయింది.

ఆయన చాలాసేపు దాని వెనకాలే చూసి, కాయితం తీసి, బండి రోడ్డు మీద తిరుగుచున్నది అని రాశారు.

"సార్, అది నీడండీ!"

"నేను తప్పుకున్నానా లేదా?"

"తప్పుకున్నారు సార్."

"తప్పుకున్నానంటే అక్కడ బండి ఉన్నట్టే కదా బాబూ? లేని బండికి ఎవరైనా తప్పుకుంటారా?"

ఇక నీడకే చెప్పుకోవాలనుకున్నాడు బాలకోటి.

నీడని రావద్దని చెప్పి చూశాడు. చెయ్యెత్తి ఆపి, బతిమాలాడు, కోప్పడ్డాడు. అది వినలేదు. బతికుండగా కూడా చలికాలం పొద్దున అది అతని మాట విని స్టార్టయింది లేదు. పైగా అతను రోడ్డు మీద నీడతో వాదిస్తుంటే, కోతల ఆడవాళ్ళు వట్టికాళ్ళతో పక్కన నిలబడి దిగులుగా చూశారు. మధ్యాహ్నం తిరిగొచ్చేవేళ తారు కరిగి కాళ్ళకి అంటుకునే రోడ్డు అది. ఆ కాళ్ళు చూశాక బాలకోటి నీడని పోనిచ్చాడు.

మార్టూరులో నాగూర్ వలి షెడ్డుంది. కారుకి అంతకాలం మరమ్మతులు చేసినవాడూ, చివరికి దాన్ని రాయి కింద నుంచి లాగించి తుక్కు కింద తీసుకున్నవాడూ అతనే. నీడ సంగతి విని గ్రీజు చేతులతోనే టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"ఒరేయ్, నువ్వు ఇనస్పెక్టర్ని ఎండలో ఎందుకు తెచ్చావురా?"

"ఎండలో తేకపోతే?"

"మబ్బు పట్టిన రోజు తీసుకురా. నీ కారు నీడే కాదు, ఆయన నీడ కూడా ఉండదు. ఏం చూసి రాస్తాడు? రోడ్డు ఖాళీ అని రాస్తాడు. అయిపోయింది."

బాలకోటి నాగూర్ వలిని కౌగిలించుకున్నంత పని చేశాడు. షెడ్డు నుంచి బయటికొచ్చి పైకి చూశాడు. ఆకాశం తుడిచిన పలకలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఇది మిరపకాయ కల్లాల మీద ఎండే కాలం.

మావైపు ఆ నెలల్లో మబ్బు అన్న మాట ఎత్తితే కొట్టినంత పని చేస్తారు. ఊరి చుట్టూ ఎటు చూసినా కల్లాలే, ఎర్రటి చీరలు ఆరేసినట్టు. ఏడాది పొడుగునా పడ్డ కష్టమంతా ఆ నేలమీద పరుచుకుని ఉంటుంది. ఒక్క మబ్బు ఆగితే కాయ రంగు తిరిగిపోతుంది. ఒక్క వాన పడితే తెల్లబడి తాలుకాయ అవుతుంది. దాన్ని మిర్చి యార్డులో ఏ వ్యాపారీ ముట్టుకోడు. పొద్దున లేస్తే అందరూ పైకి చూసి దణ్ణం పెట్టుకునేది ఒకటే, ఇవాళ కూడా ఎండ కాయించు తండ్రీ అని. అట్లాంటి ఊళ్ళో ఒక్క బాలకోటికే మబ్బు కావాల్సొచ్చింది.

పొద్దునా పైకి చూసేవాడు, మధ్యాహ్నమూ చూసేవాడు. తూర్పున సముద్రం వైపు దూదిపింజంత తెల్లగా ఏదైనా తేలితే గుండె ఎగిరేది. వెంటనే కల్లాల వైపు చూసి సిగ్గుపడేవాడు. బసవమ్మ కల్లం రోడ్డుకి ఆనుకునే ఉంది. ఒకరోజు అక్కడే నిలబడి పైకి చూస్తుంటే, కాయ తిరగేస్తున్న జ్యోతిర్మయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆకాశంలో ఏం పోగొట్టుకున్నావ్?"

ఆమె అతనితో నేరుగా మాట్లాడ్డం అదే మొదలు.

"గద్ద... గద్ద తిరుగుతుంటేనూ."

"గద్దనైతే అంత దిగులుగా చూడరు."

అబద్ధం చెప్పడం రాక నిజం చెప్పేశాడు. నాగూర్ వలి మాటా, ఇనస్పెక్టరు మాటా, వాళ్ళమ్మ పెట్టిన ఉగాది గడువూ, అన్నీ. ఆ కాయితాల గొడవ ఎందుకు తెంచుకోవాలనుకుంటున్నాడో ఆ ఒక్క ముక్కా మింగాడు, కానీ అది ఊరంతటికీ తెలిసిన ముక్కే.

జ్యోతిర్మయి మొహం ఎర్రబడింది. కల్లం మెరుపో కోపమో తెలియలేదు. "మా కాయ నేలమీద ఉండగా మబ్బు రావాలని చూస్తున్నావా?"

"రావాలని ఒక కన్ను చూస్తది. రాకూడదని ఒక కన్ను చూస్తది."

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఒక మిరపకాయ తీసి అతని మీదికి విసిరింది. "ఆ రెండు కళ్ళూ ఒకే వైపు చూసేట్టు చేసుకుని రా. అప్పుడు మాట్లాడతా."

ఆ మిరపకాయని బాలకోటి జేబులో దాచుకున్నాడు. మర్చిపోయి ఆ చేత్తోనే కన్ను నలుపుకుని ఆ సాయంత్రమంతా ఏడ్చాడు. అది వేరే సంగతి.

ఉగాది ఇంకో నాలుగు రోజులుందనగా మబ్బు వచ్చింది.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. పొద్దు పడమటికి వాలాక వాడరేవు వైపు నుంచి బూడిదరంగు దుప్పటి ఒకటి లాగినట్టు ఆకాశం మూసుకుపోయింది. ఊళ్ళో కేకలు మొదలయ్యాయి. ఎవరి కల్లాలకి వాళ్ళు పరుగులు తీశారు. సరిగ్గా అప్పుడే నాగూర్ వలి స్కూటరు చప్పుడు చేసుకుంటూ వచ్చింది. వెనక సీట్లో అనంతపద్మనాభం గారు. మార్టూరులో రాళ్ళలారీలు తనిఖీ చేస్తున్న ఆయన్ని, రోడ్డు ఖాళీగా ఉంది సార్, ఒక్క చూపు చూడండి చాలని ఎక్కించుకొచ్చాడు.

బసవమ్మ కల్లం పక్కనే స్కూటరు ఆగింది. ఇనస్పెక్టరు గారు దిగి అటూ ఇటూ చూశారు. రోడ్డు మీద కారు నీడ లేదు. కరెంటు స్తంభం నీడ లేదు. చివరికి ఆయన బొజ్జ నీడ కూడా లేదు.

"అవునోయ్. ఏమీ కనబడట్లేదు," అన్నారు. స్కూటరు సీటు మీద కాయితం పరిచి కలం తీశారు.

నాగూర్ వలి బాలకోటి వైపు చూసి కన్ను కొట్టాడు.

బాలకోటి మాత్రం కల్లం వైపు చూస్తున్నాడు. బసవమ్మా, జ్యోతిర్మయీ, వెంకటేశ్వరమ్మా, ఇంకొందరూ కాయని పారలతో కుప్పలేస్తున్నారు. పట్టలు సగం కాయకి కూడా చాలవు. ఉన్నవాటిలో ఒకటి చిరుగు. బసవమ్మ మామూలుగా అరిచే మనిషి, అప్పుడు అరవడం లేదు. అది చూస్తే బాలకోటికి భయమేసింది. జ్యోతిర్మయి తలమీది తువ్వాలు తీసి దాంతో కూడా కాయ కప్పుతోంది.

తూర్పున చినుకులు మొదలయ్యాయి. అదే సమయానికి పడమట మబ్బు అంచు కింద నుంచి సూర్యుడు బయటికొచ్చాడు. ఎండా వానా కలిసొస్తే కుక్కకీ నక్కకీ పెళ్ళంటారు. అట్లాంటి బంగారురంగు వెలుతురు రోడ్డు మీద పడింది. అందరి నీడలూ ఒక్కసారి పొడుగ్గా లేచి తూర్పుకి పడుకున్నాయి. ఇనస్పెక్టరు గారి వీపు వెనకాల, మలుపులో, బాలకోటి కారు నీడ వస్తోంది. సాయంత్రపు నీడ కదా, కారులా లేదు, రైలుపెట్టెలా ఉంది.

ఇనస్పెక్టరు గారు చూడలేదు. బండి రోడ్డు మీద కనబడ... దాకా రాశారు. బాలకోటి చేతులు కట్టుకుని ఊరుకుంటే చాలు. ఎవరూ చెయ్యెత్తకపోతే అది ఆగదు, ఆయన వెనక నుంచే ఊళ్ళోకి వెళ్ళిపోతుంది. ఆ మాట పూర్తవుతుంది, సంతకం పడుతుంది, ఉగాదికి ముందే అన్నీ తేలిపోతాయి.

అప్పుడు బాలకోటి రెండు కళ్ళూ ఒకేవైపు చూశాయి. కల్లం వైపు.

చెయ్యెత్తాడు.

నీడ ఆగింది. సరిగ్గా ఇనస్పెక్టరు గారి పక్కన. ఆయన ఉలిక్కిపడి తప్పుకున్నారు. కలం జారి కింద పడింది. నాగూర్ వలి "ఒరేయ్, ఒరేయ్!" అంటూ తల పట్టుకున్నాడు. బాలకోటి ఎవరినీ చూడలేదు. కల్లంలోకి పరిగెత్తి, వెనక్కి నడుస్తూ, బస్టాండులో క్లీనరులా రెండు చేతులూ ఊపుతూ కేకలు పెట్టాడు.

"రా... రావాలి... రావాలి... కుడికి కొట్టు... ఇంకొంచెం... ఆఁ, చాలు! ఆపు!"

అన్నాళ్ళు మాట వినని బండి ఆ ఒక్కసారి విన్నది. రోడ్డు దిగి, గట్టు దాటి, బసవమ్మ కల్లం మీద ఈ చివర నుంచి ఆ చివరికి పొడుగ్గా పరుచుకుంది. వాన కూడా వచ్చేసింది. చేలో పడింది, రోడ్డు మీద పడింది, గట్టు మీద పడింది. కల్లంలో పడలేదు. నీడ అంచుదాకా వచ్చిన చినుకులు అక్కడ ఆగిపోయి వరసగా కారాయి, చూరు నుంచి కారినట్టు. పైన ఏమీ లేదు, కానీ ఎక్కడో రేకు మీద చినుకులు టపటపమని మోగుతున్నాయి. కింద ఎర్రటి కాయ పొడిగా, వెచ్చగా ఉంది. ఆడవాళ్ళు పారలు వదిలేసి పైకి చూస్తూ నిలబడ్డారు.

"డాక్టరు గారి కారంటే ఏమనుకున్నారు," అంది వెంకటేశ్వరమ్మ, తనే కొన్నట్టు.

జ్యోతిర్మయి తేరుకుని రోడ్డు వైపు చూసింది. ఇనస్పెక్టరు గారూ నాగూర్ వలీ నిలువునా తడుస్తున్నారు.

"సార్, తడుస్తున్నారు. లోపలికి రండి!"

ఆయన కాయితం చొక్కాలో దోపుకుని నీడలోకి వచ్చారు. రాగానే మిరపకాయ ఘాటుకి తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. నాగూర్ వలి కూడా తుమ్మాడు. చాలాసేపు కల్లంలో తుమ్ములు తప్ప మాటల్లేవు. బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, వాళ్ళ మధ్య నిలబడి, బాలకోటిని కిందినుంచి పైదాకా చూసింది.

"ఏరా, ఆయన రాస్తున్నాడుగా. ఒక్క నిమిషం ఆగలేకపోయావా?"

"కాయ తడుస్తది కదత్తా."

బసవమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

బాలకోటి ఇనస్పెక్టరు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు చూశారు సార్. బండి తిరుగుతానే ఉంది. రాసేయండి."

అనంతపద్మనాభం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. పైకి చూశారు. చెయ్యి చాపి, నీడ అంచు అవతల అది తడవడం, ఇవతల తడవకపోవడం చూసుకున్నారు. ఆ తర్వాత ఆఫీసు గొంతు తెచ్చుకున్నారు.

"ఇది ఎవరి స్థలం?"

"నా కౌలు చేనండీ," అంది బసవమ్మ. "కల్లం చేసుకున్నాం."

"రోడ్డు కాదుగా?"

"రోడ్డు అదిగో, మీ వెనకాల. ఇక్కడ రోడ్డేంది!"

"మరి ఈ బండి ఎక్కడుంది?"

అందరూ నేలవైపు చూశారు. నాగూర్ వలికి ముందుగా వెలిగింది. "కల్లంలో ఉంది సార్! చేలో ఉంది!"

"అదీ. రోడ్డు మీద నడిస్తేనే రోడ్డు టాక్సు. చేలో నిలబడ్డదానికి టాక్సేమిటి, నా తలకాయ! మంచె మీద టాక్సు వేస్తామా? గడ్డివాము మీద వేస్తామా?" ఆయన మళ్ళీ తుమ్మారు. "ఇవాళ్టి దాకా రోడ్డు మీద తిరిగింది కాబట్టి అప్పటిదాకా బకాయి కట్టాల్సిందే. అందులో నేను చేసేదేం లేదు. వచ్చే డబ్బులో మినహాయించుకోమని రాస్తాను. ఇన్సూరెన్సంటావా... నీడ ఎవరినైనా గుద్దిందా?"

"లేదు సార్. ఒకసారి గేదె బెదిరింది."

"గేదె సంగతి రాయక్కర్లేదులే." కాయితం తీసి, ముందు రాసింది కొట్టేసి, తడవని మిరపకాయల మీద కూర్చుని కొత్తగా రాశారు. బండి రోడ్డు దిగి ఒక రైతు కల్లంలో నిలిచిపోయినది, ఇక తిరుగుట లేదు అని. రాసి, సంతకం పెట్టబోయి ఆగారు.

"రేపు పొద్దున ఇది మళ్ళీ రోడ్డెక్కిందనుకో, నా ఉద్యోగం పోతుంది. దానికి చెప్పండి ఎవరైనా."

"నా మాట వినదు సార్," అన్నాడు బాలకోటి. "ఇందాక ఏదో విన్నది. రోజూ వినదు."

ఒక్కొక్కరే తలలు తిప్పి జ్యోతిర్మయి వైపు చూశారు. ఎవరూ చెయ్యెత్తకపోయినా ఆ నీడ ఎవరి గుమ్మం ముందు ఆగేదో ఇనస్పెక్టరు గారికి తప్ప అందరికీ తెలుసు. జ్యోతిర్మయి కాసేపు కాలి బొటనవేలితో నేల గీసింది. తర్వాత వంగి, మిరపకాయల మధ్య ఖాళీలో, నీడ మీద అరచెయ్యి ఆనించింది, బెదిరిన ఆవుని తట్టినట్టు.

"ఇక్కడే ఉండిపో," అంది.

"ఎవరికే చెప్తన్నావ్?" అని అరిచింది బసవమ్మ, గొంతు తిరిగొచ్చేసింది. "కారుకా, కారుగలాయనకా?"

ఆడవాళ్ళ నవ్వులకి పక్క చేలో కొంగలు లేచాయి. ఇనస్పెక్టరు గారికి అప్పుడు అర్థమై, నవ్వు దాచుకుని సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున నీడ రోడ్డు మీదికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కల్లంలోనే ఉండిపోయింది, పొద్దున ఒకవైపుకి, సాయంత్రం ఇంకోవైపుకి ఒళ్ళు విరుచుకుంటూ. కాయ ఎండాల్సిన చోట అది పడేది కాదు, గట్టు పక్కకి ఒదిగేది. అన్నాలవేళ ఆడవాళ్ళు అందులో కూర్చుని క్యారేజీలు విప్పేవాళ్ళు. చంటిపిల్లల్ని వెనక సీటు ఉండేచోట పడుకోబెడితే ఏడవకుండా నిద్రపోయేవాళ్ళు. బసవమ్మ కాయ యార్డులో ఎర్రగా మెరిసిపోయి మంచి ధర పలికింది. పిడుగురాళ్ళ వాళ్ళకి మాత్రం ఆవిడే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసింది, ఇప్పుడప్పుడే రావద్దండీ, పిల్ల మనసు కుదిరినట్టు లేదు అని. బూత్ తలుపులు వేసుకునే చెప్పింది, అయినా ఊరంతా విన్నారు.

సీ బుక్కు రద్దయింది. కంపెనీ బకాయిలన్నీ పట్టుకుని మిగతాది ఇచ్చింది. దానికి నాగూర్ వలి పూచీ మీద ఇంకొంత కలిపి, బాలకోటి ఒక పాత వ్యాను తెచ్చాడు. నాగూర్ వలి దానికి ఆకాశంరంగు వేశాడు. ఈసారి మబ్బుల్లేని ఆకాశం వేశానురా అన్నాడు.

వ్యాను రోడ్డెక్కిన మొదటిరోజు ఊరి మొదట్లో కోతల ఆడవాళ్ళంతా చేతులెత్తారు. ఎక్కి కూర్చుని, పెట్రోలు వాసనని, గట్టి సీట్లని తిట్టడం మొదలుపెట్టారు. నీడే నయం, కుదుపుల్లేవు అంది వెంకటేశ్వరమ్మ, కిటికీ అందక నిలబడి. బాలకోటి ఏమీ వినడం లేదు. ముందు అద్దానికి మూరెడు కనకాంబరాలు వేలాడుతున్నాయి. మార్టూరు పూలమ్మి ఈసారి డబ్బులు తీసుకుంది.

వ్యాను ఊళ్ళోకి తిరిగింది. బసవమ్మ గుమ్మం దగ్గర పడుతోంది. ఇన్నాళ్ళూ అక్కడ కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్ళేది. ఈసారి బాలకోటి కాలు బిగబట్టుకున్నాడు. నెమ్మది చేయలేదు.

గుమ్మంలో జ్యోతిర్మయి నిలబడి ఉంది, చేతిలో క్యారేజీ, నెత్తిన ఉతికిన తువ్వాలు. వ్యాను దాటిపోతుందేమోనన్నంత దగ్గరికి వచ్చేదాకా కదలకుండా చూసింది.

అప్పుడు చెయ్యెత్తింది.